దగ్గుమందు, డజను కప్పులు

గురువారం పొద్దున నిద్ర లేవగానే సెవాస్తిత్స తన తలను రెండు చేతులతో తడిమి చూసుకుంది. ఉంది. ఉండాల్సిన చోటే ఉంది. కాకపోతే రోజూలా బండరాయిలా లేదు. కొన్నేళ్ళుగా ఆ తలలో ఎవరో తడి దూది కూరి పెట్టినట్టుండేది. ముక్కు దిబ్బడ, కళ్ళ వెనక బరువు, చెవుల్లో హోరు. ఎవరైనా మాట్లాడుతుంటే వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోయేది. ఇవాళ మాత్రం కింద వీధిలో రొట్టెల బండి ఆగడం, డ్రైవరు ఎవరినో తిట్టడం, ఆ తిట్టు ఆఖరి మాటతో సహా చక్కగా వినిపించింది. ఇంత మంచి తిట్టు విని ఎన్నాళ్ళయిందో అనుకుని ఆమె మంచం మీదే నవ్వుకుంది.

ఆమె జబ్బుకి పెద్దాసుపత్రి డాక్టర్లు పెట్టిన పేరు చాలా పొడుగు, దాని అర్థం మాత్రం చాలా చిన్నది. ఒంట్లో శక్తి లేదు, ఎందుకు లేదో తెలియదు, ఎప్పుడొస్తుందో అసలే తెలియదు. అందరికీ వచ్చినట్టే ఒక చలికాలం ఆమెకీ జ్వరం వచ్చింది. అందరికీ తగ్గినట్టే తగ్గింది. కానీ పోతూ పోతూ ఆమె బలాన్ని వెంట పట్టుకుపోయింది. కలఫాత్ ఊళ్ళో సగం మంది పెళ్ళికూతుళ్ళకి గౌన్లు కుట్టిన మనిషి, ఒక్క పూట పని చేస్తే వారం రోజులు మంచం పట్టే స్థితికి వచ్చింది. ఉండేది నాలుగో అంతస్తులో. లిఫ్టు లేదు. అయినా ఇన్నేళ్ళూ ఆమె ఇంట్లో రొట్టె నిండుకోలేదు, చెత్తబుట్ట నిండిపోలేదు. ఆ మెట్ల మీద ఉన్న ఇళ్ళవాళ్ళు ఎవరో ఒకరు తలుపు తట్టి ఏదో ఒకటి ఇచ్చో, ఏదో ఒకటి తీసుకునో వెళ్ళేవారు. వాళ్ళకి సరిగ్గా కృతజ్ఞతలు చెబుదామంటే ఆ దూది అడ్డం. నోరు తెరిచేలోపే చెప్పాల్సింది మర్చిపోయి, "థాంక్స్" అని తలుపేసుకునేది. తలుపేశాక ఏడ్చేది.

ఆ దూదిని కదిలించింది ఒక మామూలు సీసా. మొగుడు ఫనీకా మందుల షాపులో భార్య తల సంగతి చెప్పుకుని వాపోతే, కౌంటర్లో ఉన్న అమ్మాయి కఫం పల్చబరిచే దగ్గుమందు ఇచ్చింది. డాక్టరు చీటీ అక్కర్లేని రకం. "ఇది ఆవిడ జబ్బుని తగ్గించదండీ, పేరుకుపోయినదాన్ని కాస్త కదిలిస్తుందంతే. నీళ్ళు బాగా తాగించండి. వాడే ముందు డాక్టరుగారిని ఒక మాట అడగండి" అంది. డాక్టరు కూడా వాడి చూడమన్నాడు. వాడితే ఏమైంది? మొదట్లో ముక్కు కారింది, కళ్ళు కారాయి, దగ్గు మొదలైంది. అంతకుముందు ఎప్పుడూ దగ్గని మనిషి గోడలు అదిరేలా దగ్గింది. దగ్గిన కొద్దీ తల తేలికైంది. వాసనలు మాత్రం ఇంకా తెలియడం లేదు.

"ఫనీకా, శనివారం మన మెట్లవాళ్ళందర్నీ భోజనానికి పిలుద్దాం" అంది కాఫీ ముందు కూర్చుని.

ఫనీకా ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైనవాడు. ఏం కనబడినా ముందు బ్రేకు తొక్కుతాడు.

"అందర్నీనా? నీకేమైనా పిచ్చా? తర్వాత వారం రోజులు మంచం దిగవు."

"దిగను. ఆ వారం ఎలాగూ మంచంలోనే పోయేది. ఈసారి ఒక మంచి పని చేసి మరీ పడుకుంటా. వాళ్ళకి చెప్పాల్సింది ఉంది నాకు. ఈ తేలిక ఎన్నాళ్ళుంటుందో! ఇప్పుడు చెప్పకపోతే మళ్ళీ కుదురుతుందో లేదో."

ఆమె గొంతు విని ఫనీకా బ్రేకు మీంచి కాలు తీశాడు. "సరే. ఏం చెయ్యాలో చెప్పు."

"క్యాబేజీ ఆకుల్లో మాంసం, బియ్యం పెట్టి సర్మాలె నేను చుడతాను, కూర్చునే. నువ్వు పొయ్యి దగ్గర కాపలా ఉండు, చాలు. ఇంకా అందరి చేతిలో ఏదో ఒక కానుక పెట్టాలి. ఎక్కువ తక్కువలు లేకుండా అందరికీ ఒకేలాంటిది. రోజూ వాడుకునేది."

"ఏంటది?"

"నీకే వదిలేస్తున్నా. ఒక్కసారైనా బుర్ర వాడు."

తర్వాత జరిగిన గొడవకంతటికీ మూలం ఈ ఆఖరి మాటే. ఫనీకా బజారుకెళ్ళి నిజంగానే బుర్ర వాడాడు. ఒక దుకాణంలో తెల్లటి కప్పులు, ఒక్కో కప్పు పిడికి మడత పెట్టిన తువ్వాలు, దానికో రిబ్బను కట్టి వరసగా పేర్చి ఉన్నాయి. రోజూ వాడుకునేవే. అన్నీ ఒకేలాంటివే. ఒక డజను కట్టమన్నాడు. దుకాణం ఆవిడ పెట్టె కడుతూ, "దేవుడు క్షమించుగాక" అంది మెల్లగా. ఫనీకా మర్యాదస్తుడు. "మీక్కూడానండీ" అన్నాడు.

కలఫాత్‌లో ఒకేలాంటి కప్పులు, తువ్వాళ్ళు డజను లెక్కన కొనేది ఒక్క పనికే. చనిపోయినవాళ్ళ పేరున పెట్టే భోజనానికి, అంటే పొమానాకి. తిని వెళ్ళేవాళ్ళ చేతిలో కప్పు, తువ్వాలు, కొవ్వొత్తి పెట్టి పంపుతారు. పోయినవాళ్ళని తలుచుకుని వాళ్ళు "దేవుడు క్షమించుగాక" అంటారు. చావు దగ్గరపడిందనుకున్న వాళ్ళు కొందరు బతికుండగానే తమ పొమానా తామే పెట్టుకుని, అందరూ కడుపునిండా తిన్నారో లేదో కళ్ళారా చూసుకుంటారు కూడా. ఇదంతా ఫనీకాకి తెలియదా? తెలుసు. వాళ్ళమ్మ పేరున ఇలాంటి కప్పులే తన చేత్తో పంచాడు. కానీ భార్య నవ్వు మొహం చూసి చూసి బజారుకొచ్చిన మనిషికి చావు సంగతి ఎందుకు గుర్తొస్తుంది?

గుర్తొచ్చే మనిషి ఇంటి గుమ్మంలో ఎదురైంది. రెండో అంతస్తు జెనోవియా. ఆ మెట్లవాళ్ళలో ఎవరు చనిపోయినా గోధుమలు ఉడకబెట్టడం దగ్గర నుంచి ఏడుపు మొదలెట్టడం దాకా అన్నీ ఆవిడ చేతి మీదుగానే జరగాలి. పెట్టెలోకి తొంగి చూసి ఆవిడ గోడ పట్టుకుంది.

"ఎవరికిరా ఇవి?"

"మా సెవాస్తిత్స కోసం, అక్కా. శనివారం అందర్నీ భోజనానికి పిలుస్తోంది."

"తనే పెట్టుకుంటోందా?"

"తనే. నేను వద్దన్నా వినలేదు. మీ అందరికీ చెప్పాల్సింది ఉందంట. ఇప్పుడు కాకపోతే మళ్ళీ కుదరదేమో అంటోంది."

సరిగ్గా అప్పుడే పైనుంచి సెవాస్తిత్స దగ్గు వినిపించింది. దగ్గుమందు చాలా బాగా పనిచేస్తున్న దగ్గు అది. జెనోవియా శిలువ గుర్తు వేసుకుంది. నాలుగు రోజులుగా ఆ దగ్గు వింటూనే ఉంది, తన గుండె చెబుతూనే ఉంది. ఫనీకా ఇవేవీ పట్టించుకోలేదు. నడుం నొప్పి సాకుతో పెట్టెను కింది అంతస్తులో ఉండే పొంపీలియు ఇంట్లో పెట్టేసి, ఈలవేసుకుంటూ పైకెక్కాడు. ఈల విన్న జెనోవియా, దుఃఖం మింగడానికి మగాళ్ళు ఎన్ని పాట్లు పడతారో అనుకుంది.

పొంపీలియు ఆ భవనం బాగోగులు చూసే పెద్దమనిషి. చూసే అంటే, చూస్తాడంతే. మెట్ల మీద బల్బు పోయి నెల దాటింది. జెనోవియా చెప్పింది విని అతను పైకి ఫోను చేశాడు.

"అమ్మా, శనివారం... అందరం వస్తాం. మమ్మల్ని ఏమైనా తెమ్మంటావా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఏమీ వద్దండీ, పొంపీలియు గారూ. ఆఁ, తలా ఒక కొవ్వొత్తి తెచ్చుకోమనండి. ఆ మెట్ల బల్బు వెలగడం లేదుగా, చీకట్లో ఎవరైనా పడితే నా ప్రాణం ఊరుకోదు."

ఫోను పెట్టేసి పొంపీలియు కుర్చీలో కూలబడ్డాడు. ఈ స్థితిలో కూడా ఆ మహాతల్లి మెట్ల బల్బు గురించే ఆలోచిస్తోంది.

శుక్రవారం సెవాస్తిత్స బల్ల ముందు కూర్చుని సర్మాలె చుడుతోంది. చేతులకి పాత చురుకుదనం వచ్చినందుకు ఆమెకి చిన్నపిల్లలా సంతోషంగా ఉంది. తలుపు తట్టి పొంపీలియు లోపలికొచ్చాడు. టై కట్టుకున్నాడు. వచ్చీ రాగానే ఆమె చేతిని, దానికంటుకున్న బియ్యంతో సహా, ముద్దు పెట్టుకుని ఒక తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"నన్ను క్షమించమ్మా. భవనం కింద మీ సామాన్ల గది ఉంది చూడు, నువ్వు దిగి రావు కదా అని అందులో నా క్యాబేజీ ఊరగాయ పీపాలు పెట్టుకున్నాను. ఇన్నేళ్ళూ. ఇవాళ పొద్దున తీసేశాను. గది కడిగించాను కూడా."

"అయ్యో, దానికేముందండీ! ఇప్పుడెందుకు చెబుతున్నారు?"

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడమ్మా?" అని అతను కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళగానే మూడో అంతస్తు ఆవిడ వచ్చింది. కారిడార్‌లోని జెరేనియం మొక్కని ఒకప్పుడు తీసుకుపోయింది తనే అని కుండీతో సహా తెచ్చిచ్చింది. ఎదురింటాయన వచ్చి, వేసవిలో ఆమె నిద్రపోయే వేళ డ్రిల్లింగు చేసినందుకు తలొంచుకున్నాడు. సెవాస్తిత్స అందర్నీ క్షమించి, అందరికీ నీళ్ళిచ్చి, తను సీసాలోంచి ఒక మోతాదు పోసుకుని ఆలోచించింది. మందు తాగుతున్నది తను. లోపల పేరుకున్నదంతా బయటికి తెస్తున్నది వీళ్ళు. ఇదేం మందు?

చివరికి జెనోవియా వచ్చింది. కూర్చోలేదు. నిలబడే మొదలెట్టింది.

"సెవాస్తిత్సా, మొదట్లో నువ్వు జబ్బు నటిస్తున్నావనుకున్నానే. బాగున్న మనిషి మంచమెక్కిందంటే సోమరితనం కాక ఇంకేంటి అని ఈ మెట్ల మీద అందరితోనూ అన్నాను. ఒకరోజు నువ్వు చెత్తబుట్ట పట్టుకుని దిగుతూ సగం మెట్ల మీద కూర్చుండిపోయావు. గుర్తుందా? నీ మొహం చూశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి సూప్ తేవడం మొదలెట్టాను. నువ్వేమో ప్రతిసారీ నన్ను దేవతలా చూస్తావు. నేను దేవతని కాదే. అప్పు తీర్చుకుంటున్నాను."

సెవాస్తిత్స చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. తన వెనక ఎవరో అలా అంటున్నారని ఆమెకి ఎప్పుడో తెలుసు. ఎవరన్నారో తెలియక ఇన్నేళ్ళూ అందర్నీ కొంచెం కొంచెం అనుమానించింది. మనసులో ఏదో ముల్లు ఊడి వచ్చినట్టయింది. నొప్పీ అయింది, హాయీ అయింది.

"ఆ సూప్ లేకపోతే నేను ఆ చలికాలం దాటేదాన్ని కాదు, అక్కా. ఎందుకు తెచ్చావన్నది నాకనవసరం" అంది. ఇద్దరూ కౌగిలించుకుని ఏడ్చారు. ఏడుపుకి ముక్కు ఇంకాస్త వదులై సెవాస్తిత్స మళ్ళీ దగ్గింది. జెనోవియా ఇంకా గట్టిగా ఏడ్చింది.

శనివారం మధ్యాహ్నం సెవాస్తిత్స తనకి పట్టే ఒకే ఒక్క మంచి గౌను వేసుకుంది. ముదురు నీలం, చూసేవాళ్ళకి నలుపే. చెప్పాల్సిన మాటలు మనసులో వల్లె వేసుకుంది. ఒక్కొక్కరి పేరూ, ఒక్కొక్కరు చేసిందీ. బలం ఈ ఒక్క పూటకే ఉందని ఆమెకి తెలుసు. అందుకే పొద్దుటి నుంచీ మంచం దిగకుండా, చిల్లర కూడబెట్టినట్టు దాన్ని కూడబెట్టుకుంది. ఇవాళ చెప్పలేకపోతే మళ్ళీ ఆ దూది ఎప్పుడు కమ్ముకుంటుందో ఎవరికి తెలుసు.

తలుపు తెరిచి చూస్తే చీకటి మెట్ల మీద కొవ్వొత్తులు వరసగా పైకి వస్తున్నాయి. అందరూ నల్లబట్టలే. ఎవరూ మాట్లాడటం లేదు. వాళ్ళ వెనక, జెనోవియా పిలిపించిన ఫాదర్ విసారియోన్ రొప్పుతూ, ధూపం ఊపుతూ ఎక్కుతున్నాడు. ఆఖరున ఫనీకా, పొంపీలియు ఇంట్లోంచి తెచ్చిన పెట్టె మోస్తూ. పెట్టె బల్ల మీద పెట్టి మూత తీశాడు. తెల్ల కప్పులు, తువ్వాళ్ళు, రిబ్బన్లు. "ఎలా ఉన్నాయి?" అన్నాడు గర్వంగా.

సెవాస్తిత్స కప్పుల్ని చూసింది. కొవ్వొత్తుల్ని చూసింది. ఫాదర్‌ని చూసింది.

"అయ్యో దేవుడా, ఎవరు పోయారు?" అంది.

జెనోవియా ఫాదర్ చెవిలో, అందరికీ వినబడేలా, "పాపం, మతి కూడా పోయింది" అంది.

అప్పుడు సెవాస్తిత్సకి మొత్తం అర్థమైంది. తాళంచెవి, జెరేనియం, టై, కన్నీళ్ళు, అన్నీ. మొగుడి మొహం చూసింది. అతనికి అంతకు ఒక క్షణం ముందే అర్థమైనట్టుంది, నోరు వెళ్ళబెట్టి కప్పుల వైపే చూస్తున్నాడు. ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకోబోయింది. ఆగలేదు. నవ్వు కాస్తా దగ్గయింది. దగ్గంటే అలాంటిలాంటి దగ్గు కాదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగి, మొహం ఎర్రబడి, బల్ల పట్టుకుని వంగిపోయింది. ఇన్నేళ్ళ దూదిలో ఆఖరి ఉండ ఏదో ఆ క్షణానే కదలాలని నిర్ణయించుకుంది.

"పోతోంది! చేతికి కొవ్వొత్తి ఇవ్వండి!" అని అరిచింది జెనోవియా.

చేతిలో వెలుగుతున్న కొవ్వొత్తి లేకుండా మనిషి పోతే ఆ మెట్లవాళ్ళందరికీ తలవంపులు. కాబట్టి అందరూ ఒకేసారి ముందుకు ఉరికారు. ఆమె రెండు చేతుల్లోకీ ఎన్ని కొవ్వొత్తులు పడతాయో అన్నీ కుక్కారు. పొంపీలియు తన కొవ్వొత్తిని ఎక్కడ పెట్టాలో తెలియక ఆమె మోచేతి సందులో దూర్చాడు. ఫనీకా, "ఆగండి, అది దగ్గుమందు! దగ్గుమందు!" అని అరుస్తున్నాడు. "ఇక మందులెందుకు బాబూ" అని ఎవరో అతన్ని ఓదార్చి పక్కకి లాగారు. ఫాదర్ విసారియోన్ ప్రార్థన అందుకున్నాడు.

సెవాస్తిత్స గట్టిగా ఒక్కసారి దగ్గింది. ముక్కు తెరుచుకుంది. ఎన్నేళ్ళుగానో మూసుకుపోయిన తలుపు తెరిచినట్టు, వాసనలన్నీ ఒకదాని వెనక ఒకటి లోపలికొచ్చేశాయి. కరిగిన మైనం. ధూపం. పొంపీలియు కోటులోని కలరా ఉండలు. జెనోవియా జుట్టుకి రాసుకున్న నూనె. ఆమె కళ్ళు మూసుకుని పీల్చుకుంది. ఆ మొహంలో కనబడిన ఆనందం చూసి ఫాదర్, ఆత్మ బయల్దేరిందనుకుని, ప్రార్థన వేగం పెంచాడు. అంతలో ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. మళ్ళీ పీల్చింది.

"ఫనీకా! సర్మాలె మాడుతున్నాయి!"

ధూపం పొగలో అది ఇంకెవరి ముక్కుకీ అందలేదు. కొవ్వొత్తులన్నీ పొంపీలియు చేతుల్లో పడేసి, అందర్నీ తోసుకుని, చావబోతున్న మనిషి వంటింట్లోకి పరిగెత్తింది. పొయ్యి ఆర్పింది. మూత తీసింది. అడుగు వరస బొగ్గయింది, పైవి దక్కాయి. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో మెట్లవాళ్ళందరూ గుంపుగా నిలబడి ఉన్నారు.

"కాపలా ఉండమన్నానా లేదా?" అంది మొగుడితో.

"కప్పులు తేవడానికి వెళ్ళాను" అన్నాడతను, అతి చిన్న గొంతుతో.

దగ్గుమందు సీసా చేతులు మారింది. ఫాదర్ కళ్ళజోడు పెట్టుకుని, దాని మీద రాసిందంతా పైకి చదివి వినిపించాడు. జెనోవియా కుర్చీలో కూలబడింది. "మరి నేను నిన్న చెప్పిందంతా..." అంది. "నేను కూడా..." అన్నాడు పొంపీలియు. ఎదురింటాయన డ్రిల్లింగు గురించి ఏమీ అనకుండా తలుపు వైపు జరిగాడు.

"ఎవరూ కదలొద్దు" అంది సెవాస్తిత్స. ఫనీకా భుజం పట్టుకుని నిలబడింది. "నేను చావడం లేదు. క్షమించండి. పూర్తిగా బాగుపడటం కూడా లేదు. జబ్బు జబ్బుగానే ఉంది, తల ఒక్కటే తేలికైంది. ఆ తేలిక ఉండగానే మీకొక మాట చెప్పాలని పిలిచాను. జెనోవియా అక్కా, నీ సూప్. పొంపీలియు గారూ, మంచు కురిసిన రోజున మీరు మోసుకొచ్చిన నీళ్ళ డబ్బాలు. మీ అందరి రొట్టెలు, మీరు దించిన చెత్తబుట్టలు, ఊరికే తలుపు తట్టి ఉన్నావా అని అడగడం. నాకన్నీ గుర్తున్నాయి. తలలో ఏమీ నిలవని రోజుల్లో కూడా అవి నిలిచాయి. మీరు లేకపోతే నిజంగానే ఈ కప్పులు ఎప్పుడో కొనాల్సి వచ్చేది."

పొంపీలియు చేతిలో కొవ్వొత్తులు కారుతున్నా ఆర్పడం మర్చిపోయాడు. జెనోవియా ఈసారి చప్పుడు చెయ్యకుండా ఏడ్చింది. ఆవిడ అలా ఏడవగలదని అక్కడెవరికీ తెలియదు.

ఫాదర్ విసారియోన్ గొంతు సవరించుకున్నాడు. "ధూపం ఎలాగూ వెలిగించాను కాబట్టి" అని చావు ప్రార్థన పక్కన పెట్టి, కృతజ్ఞత ప్రార్థన చదివాడు. అది ముగిసేసరికి సెవాస్తిత్స కూడబెట్టుకున్నదంతా అయిపోయింది. ఫనీకా ఆమెను మంచం మీద పడుకోబెట్టి తలుపు ఓరగా వేశాడు. పక్కగదిలో ప్లేట్ల చప్పుడు, గుసగుసలు, మాడిన వరస ఎవరికి రావాలన్న గొడవ, తర్వాత నవ్వులు వినిపించాయి. మాడిన క్యాబేజీ వాసన ఇల్లంతా పట్టింది. అది ఎంత బాగుందో చెబితే ఎవరూ నమ్మరని ఆమె ఎవరికీ చెప్పలేదు. నిండు కృతజ్ఞతతో, నిండు నీరసంతో నిద్రపోయింది.

అనుకున్నట్టే ఆ తర్వాతి వారమంతా మంచం మీదే గడిచింది. కాస్త లేచి కూర్చోగలిగిన రోజున తలుపు చప్పుడైంది. పొంపీలియు. ఈసారి టై లేదు. చేతిలో రొట్టె కూడా లేదు. నాలుగంతస్తులు ఎక్కి వచ్చి, టోపీ చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"అమ్మా, ఆ సామాన్ల గది తాళంచెవి... నీకెలాగూ ప్రమాదమేం లేదు కదా. నా పీపాలు బయట ఎండకి పాడవుతున్నాయి."

సెవాస్తిత్స కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళుగా ఆ గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్ళూ ఏదో ఇవ్వడానికే వచ్చారు. జబ్బుపడ్డాక ఆమెను ఏదైనా కావాలని అడగడానికి మెట్లెక్కి వచ్చిన మొదటి మనిషి ఇతనే. తాళంచెవి తెచ్చి అతని అరచేతిలో పెట్టి, రెండు షరతులు చెప్పింది. మెట్ల మీద బల్బు మార్చాలి, పీపాలో సగం క్యాబేజీ పైకి పంపాలి.

బల్బు ఆ సాయంత్రమే వెలిగింది. క్యాబేజీ గురించి పొంపీలియు ఇంకా ఆలోచిస్తున్నాడు.